ఇల్లు బాగుచేయించుకున్నాక లోపలి గాలిని బాగుచేసుకోవడం ఎలా

రంగు వాసన పోయిందంటే గాలి బాగుపడినట్టేనని చాలామంది లెక్క వేసుకుంటారు. ఈ లెక్క రెండు వైపులా తప్పుతుంది. స్నానాల గదిలో కొత్తగా పెట్టిన సిలికాన్ సీలెంట్ వెనిగర్‌లా ఘాటుగా వాసన వేస్తుంది. అది ఆరేటప్పుడు వెలువడే ఎసిటిక్ ఆమ్లం వాసన, కిటికీ తెరిచి ఉంచితే కొద్ది రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. పక్క గదిలోని కొత్త అల్మరా నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే వాయువు అలా కాదు. తక్కువ మోతాదులో అది ముక్కుకు పెద్దగా పట్టుబడదు, కానీ నెలల తరబడి వస్తూనే ఉంటుంది. టైల్స్ కోసినప్పుడు లేచే సిలికా ధూళికి, గ్యాస్ సరిగా మండనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు అసలు వాసనే లేదు. పైగా ముక్కు ఏ వాసనకైనా కొద్ది నిమిషాల్లో అలవాటు పడిపోతుంది కాబట్టి, ఆ గదిలోనే కూర్చున్న మనిషి ఇచ్చే సాక్ష్యానికి విలువ తక్కువ. బయట అరగంట తిరిగి వచ్చి తలుపు తీసినప్పుడు తగిలే మొదటి శ్వాసకే కాస్త విలువ ఉంటుంది.

అందువల్ల పనికి ఒక వరస పెట్టుకోవాలి. ముందు దుమ్మును తొలగించాలి, ఆ తరువాత వాయువులను వదులుతున్న వస్తువులేవో గుర్తించి వాటిని కట్టడి చేయాలి, దానితోపాటే గాలి లోపలికి వచ్చి బయటికి పోయే దారి ఏర్పరచాలి, తేమను ఆరనివ్వాలి. యంత్రం కొనాలా వద్దా అనే ప్రశ్న వీటన్నిటి తరువాతే. ఎక్కువమంది మొదటే ఎయిర్ ప్యూరిఫైయర్ కొని, కిటికీలు మూసి, దాని పచ్చ దీపాన్ని చూసి నిశ్చింతగా ఉంటారు. ఆ దీపం ఏ సంగతి చెబుతుందో, ఏది చెప్పదో ముందుకు వెళ్లాక చూద్దాం.

దుమ్ము: చీపురు పట్టకముందు

గోడల్లో గాడులు కొట్టడం, టైల్స్ కోయడం, లప్పం పెట్టి ఎమిరీ కాగితంతో రుద్దడం, ఈ మూడు పనుల్లోనూ కంటికి కనిపించేది పెద్ద కణాల ధూళి మాత్రమే. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లేది కనిపించనిది. కదలని గాలిలో 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణం ఒక మీటరు కిందికి దిగడానికి ఐదారు నిమిషాలు పడితే, 1 మైక్రాన్ కణానికి సుమారు 8 గంటలు పడుతుంది. మనుషులు తిరిగే గదిలో గాలి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది కాబట్టి వాస్తవంలో ఇంకా ఎక్కువసేపు తేలుతుంది. పని ముగిసిన గంటకే ఇల్లంతా తుడిచేసి, మర్నాడు బల్లల మీద మళ్లీ తెల్లటి పొర చూసి విసుక్కోవడానికి కారణం ఇదే. పనివాళ్లు వెళ్లాక ఒక రాత్రి గడవనిచ్చి, అప్పుడు శుభ్రం చేయడం మంచిది.

పొడి చీపురుతో ఊడిస్తే దిగిన ధూళి మళ్లీ గాలిలోకి లేస్తుంది. మామూలు వ్యాక్యూమ్ క్లీనర్ అంతకంటే ఎక్కువ హాని చేస్తుంది, ఎందుకంటే సన్నని కణాలు దాని సంచిలోంచి దూరి వెనుక నుంచి గదిలోకే వస్తాయి. అతి సన్నని కణాలను కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్న వ్యాక్యూమ్ దొరికితే దానితో మొదలుపెట్టాలి. లేకపోతే తడిగుడ్డ, రెండు బకెట్లు చాలు. ఒక బకెట్‌లో గుడ్డను జాడించాలి, రెండో బకెట్‌లోని మంచి నీటిలో తడిపి తుడవాలి. పైకప్పు ఫ్యాను రెక్కలతో ప్రారంభించి, తలుపుల పై అంచులు, కిటికీ పట్టాల గాడులు, స్విచ్ బోర్డుల అంచులు, అల్మరాల పైభాగం అన్నీ ముగించి చివరగా నేలకు రావాలి. స్విచ్ బోర్డుల దగ్గర విద్యుత్తు ఆపి, బాగా పిండిన గుడ్డనే వాడాలి. రెండు రోజుల విరామంతో ఇదంతా మరొకసారి చేస్తే గానీ ధూళి నిజంగా తగ్గదు. పని జరుగుతున్నప్పుడు ఏసీని నడిపించి ఉంటే దాని జాలీని కడగడంతో సరిపెట్టకూడదు. లోపలి కాయిల్ మీద పేరుకున్న సున్నపు పొడిని కూడా శుభ్రం చేయించాలి. లేకపోతే తేమ తగిలి అక్కడే బూజుకు చోటు దొరుకుతుంది.

పాత ఇంటిని బాగుచేయించినవారు రెండు విషయాల్లో మరింత జాగ్రత్తగా ఉండాలి. మొదటిది సీసం. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసం వాడకాన్ని 1978లో నిషేధించారు. చాలా దేశాల్లో అంతకంటే ఎంతో ఆలస్యంగా కట్టడి చేశారు. పాత తలుపుల మీద పొరలు పొరలుగా ఉన్న ఎనామెల్ రంగును పొడిగా గీకినా, మంటతో కాల్చినా ఆ సీసం ధూళిగా, పొగగా మారి నేల మీద పరుచుకుంటుంది. నేల మీద పాకే పిల్లల చేతుల ద్వారా నోటికి చేరుతుంది. పిల్లల రక్తంలో సీసం ఇంత వరకు ఉండవచ్చని చెప్పగల సురక్షిత పరిమితి ఏదీ లేదు. ఇప్పటికే అలా గీకి ఉంటే ఆ గదిని తడి పద్ధతిలో రెండు మూడుసార్లు తుడిచి, వాడిన గుడ్డలను పారవేసి, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వైద్యునితో మాట్లాడి రక్తపరీక్ష చేయించాలి. రెండవది ఆస్‌బెస్టాస్ అనే నారల ఖనిజం. పాత సిమెంటు రేకులు, పైపుల చుట్టూ ఉండే పాత చుట్టలు, కొన్ని రకాల పాత నేల టైల్స్‌లో ఇది ఉండవచ్చు. కదపకుండా ఉన్నంతకాలం దానివల్ల ప్రమాదం తక్కువ. పగిలితే, కోస్తే నారలు గాలిలో కలుస్తాయి. అలాంటిది పగిలిందని అనుమానం ఉంటే ఊడవడం, వ్యాక్యూమ్ పెట్టడం రెండూ చేయకూడదు. నీరు సన్నగా చిలకరించి, ఆ గది తలుపు మూసి, శిక్షణ ఉన్నవారిని పిలిపించాలి.

ఏది ఎంతకాలం వదులుతుంది

వాయువుల విషయంలో అన్ని వస్తువులూ ఒకే తీరున ప్రవర్తించవు. నూనె ఆధారిత ఎనామెల్, వార్నిష్, వాటిలో కలిపే థిన్నర్ నుంచి టాలువిన్, జైలీన్, వైట్ స్పిరిట్ వంటివి మొదటి కొద్ది రోజుల్లో పెద్ద మొత్తంలో ఎగిరిపోయి, తరువాత వేగంగా తగ్గుతాయి. నీటి ఆధారిత ఎమల్షన్ మొదటి రోజున అంత ఘాటుగా ఉండదు కానీ, పూత సమంగా పరుచుకోవడానికి అందులో కలిపే కొన్ని ద్రవాలు వారాలపాటు నెమ్మదిగా వెలువడతాయి. డబ్బా మీద తక్కువ వీఓసీ (సులువుగా ఆవిరయ్యే రసాయనాలు) అని రాసి ఉన్నా, ముదురు ఛాయ కోసం దుకాణంలో కలిపే రంగు ద్రావణం ఆ లెక్కలోకి రాకపోవచ్చు. పాత పూతను ఊడదీయడానికి వాడే కొన్ని ద్రావణాల్లో మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది. అది శరీరంలోకి వెళ్లాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. మూసిన గదిలో దాన్ని వాడి మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. అమెరికాలో గృహ వినియోగదారులకు అమ్మే పూత తొలగించే ద్రావణాల్లో దానిని 2019లో నిషేధించారు.

ఎక్కువకాలం తలనొప్పి తెచ్చేవి చెక్క పలకలు. ప్లైవుడ్, పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ పలకల్లో చెక్క పొరలను లేదా పొట్టును అంటించేది చాలావరకు యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. వేడికి, తేమకు ఈ జిగురు కొద్దికొద్దిగా విడిపోతూ ఫార్మాల్డిహైడ్‌ను వదులుతుంది. కాబట్టి చలికాలంలో అమర్చిన అల్మరా వేసవి వచ్చేసరికి మళ్లీ కళ్లు మండిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. జిగురు కొత్తగా చెడిపోలేదు, గది వేడెక్కింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో దీనిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఇళ్లలో ఏ అరగంట సగటు తీసుకున్నా ఘనమీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఒక కొత్త సొరుగును పూర్తిగా బయటికి లాగి, తిరగేసి చూడండి. ముందు భాగం నున్నటి లామినేట్‌తో మెరుస్తుంటుంది; అడుగు పలక, వెనుక అంచు మాత్రం ఏ పూతా లేకుండా పచ్చి చెక్కగానే ఉంటాయి. అల్మరా తలుపుల్లో కబ్జాల కోసం తొలిచిన గుంటలు, గోడవైపు ఉండే వెనుక పలక, వైర్లు పోనివ్వడానికి చేసిన రంధ్రాలు కూడా అంతే. పలక వదిలే వాయువులో పెద్ద వాటా కోసిన అంచుల నుంచి, తొలిచిన చోట్ల నుంచే వస్తుంది, ఎందుకంటే అక్కడ లోపలి పొరలు గాలికి తెరుచుకుని ఉంటాయి. వడ్రంగి ఇంకా రాకపోకల్లో ఉండగానే ఈ చోట్లన్నీ చూపించి, అంచులకు పట్టీలు అంటించి, మిగిలిన పచ్చి భాగాలకు నీటి ఆధారిత సీలర్ రెండు పూతలు వేయమని అడగాలి. లోపలివైపు ఎవరు చూస్తారని ఆయన అంటారు. చూసేవారు లేకపోయినా పీల్చేవారు ఉన్నారు. సీలర్ పూత పూర్తిగా ఆరేవరకు అల్మరాను తెరిచే ఉంచాలి.

పలకలు ఇంకా కొనని వారికి ఇంతకంటే సులువైన దారి ఉంది. ఫార్మాల్డిహైడ్ తక్కువగా వదులుతుందని తెలిపే గుర్తులు, అంటే యూరప్ పద్ధతిలో ఈ1, కాలిఫోర్నియా రెండో దశ ప్రమాణం వంటివి పలక మీదే ముద్రించి ఉంటాయి. కాలిఫోర్నియా ప్రమాణం ప్రకారం పరీక్ష గదిలో ప్లైవుడ్‌కు 0.05, పార్టికల్ బోర్డుకు 0.09, ఎండీఎఫ్‌కు 0.11 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో ఒక భాగం) వరకే అనుమతి. ఈ అంకెలను బట్టే ఎండీఎఫ్ వాడకాన్ని ఎక్కడ తగ్గించుకోవాలో తెలుస్తుంది. కోయకముందే ఆ ముద్రను ఫోటో తీసి పెట్టుకోవాలి. లామినేట్ అంటించాక ఎవరు ఏం చెప్పినా నమ్మడం తప్ప గత్యంతరం ఉండదు.

కొత్త అల్మరాలో వెంటనే బట్టలు సర్దకూడదు. మూసిన అల్మరా లోపల వాయువు మోతాదు గదిలో కంటే ఎక్కువగా ఉంటుంది. బట్టలు దాన్ని పీల్చుకుని, మనం కట్టుకున్నప్పుడు తిరిగి వదులుతాయి. పరుపులు, కర్టెన్లు, తివాచీలు కూడా ఇలాగే పీల్చి వదిలేవే. రంగులు ఆరే రోజుల్లో వాటిని ఇంట్లో ఉంచితే మూలం పోయాక కూడా అవే చిన్న మూలాలుగా మిగులుతాయి. వాటిని చివరగా తెచ్చుకోవాలి. ముడతలు పడని రకం కర్టెన్ల బట్టలో ఫార్మాల్డిహైడ్ ఉండవచ్చు కాబట్టి తగిలించే ముందు ఒకసారి ఉతకాలి.

గాలికి రెండు దారులు

కిటికీ తెరవడం అంటే గాలి ఆడటం అని కాదు. ఒకే గోడకు ఉన్న రెండు కిటికీలు తెరిస్తే ఆ గోడ దగ్గరి గాలి కాస్త కదులుతుంది, గది వెనుక మూల అలాగే ఉంటుంది. గాలి ఒకవైపు నుంచి వచ్చి, వాసన ఉన్న గదిని దాటి, మరోవైపు నుంచి పోవాలి. ఎదురెదురు కిటికీలు లేనప్పుడు వాసన ఎక్కువగా ఉన్న గది కిటికీలో ఒక ఫ్యాను బయటివైపు తిప్పి పెట్టి, దాని చుట్టూ ఉన్న ఖాళీని అట్టముక్కలతో మూసి, ఇంటి అవతలి చివర ఒక కిటికీ తెరవాలి. అట్టముక్కలు లేకపోతే ఫ్యాను బయటికి నెట్టిన గాలిలో కొంత ఆ ఖాళీల నుంచే తిరిగి లోపలికి వస్తుంది. సన్నని టిష్యూ కాగితపు ముక్కను ఆ గది గుమ్మంలో వేలాడదీసి చూడండి. అది గదిలోకి వంగితే దారి సరిగా ఉంది. బయటికి వంగితే వాసనను ఇల్లంతా మీరే పంచుతున్నారు.

ఎంతసేపు అనే ప్రశ్నకు చిన్న లెక్క సాయపడుతుంది. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న గదిలో 36 ఘనమీటర్ల గాలి ఉంటుంది. గంటకు 180 ఘనమీటర్లు తోసే ఎగ్జాస్ట్ ఫ్యాను ఆ గది గాలిని గంటకు ఐదుసార్లు మారుస్తుందని చెప్పుకోవచ్చు. అయితే కొత్త గాలి పాత గాలితో కలుస్తూ వస్తుంది కాబట్టి ఒకసారి మారేసరికి కాలుష్యం సుమారు 37 శాతం, రెండుసార్లకు 14 శాతం, మూడుసార్లకు 5 శాతం మిగులుతుంది. మూలం ఆగిపోయి ఉంటే ముప్పావు గంటలోపే గది శుభ్రపడాలి. కొత్త రంగు, కొత్త పలకలు ఉన్నచోట మూలం ఆగదు. ఫ్యాను ఆపి కిటికీ మూసిన కొద్ది గంటల్లోనే మోతాదు మళ్లీ పైకి చేరుతుంది. రోజుకు పదిహేను నిమిషాలు తలుపులన్నీ బార్లా తెరిచి మిగతా సమయమంతా మూసి ఉంచడం కంటే, పగలూ రాత్రీ ఎడతెగకుండా కొంచెమే తెరిచి ఉంచడం మేలు. బయట పొగ, దుమ్ము ఎక్కువగా ఉండే గంటలను తప్పించుకోవాలి. అంతే తప్ప ఆ నెపంతో మొత్తం మూసేయకూడదు. ఎండ వేళ గది వేడెక్కినప్పుడు పలకలు ఎక్కువగా వదులుతాయి, సరిగ్గా అప్పుడే మనం కిటికీలు మూసి ఏసీ వేస్తాం. ఎక్కువ ఇళ్లలో ఉండే స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే చల్లబరిచి తిప్పుతుంది, బయటి గాలిని తీసుకురాదు.

హీటర్లతో ఇంటిని కావాలని వేడెక్కించి వాయువులను ముందే తరిమేయవచ్చని ఒక సలహా తరచూ వినిపిస్తుంది. దీనిపై జరిగిన ప్రయోగాల ఫలితాలు ఒకే విధంగా లేవు. వేడికి బయటపడిన వాయువులో కొంత గోడలు, బట్టలు పీల్చుకుని తరువాత వదులుతాయి, కొత్త చెక్క వంగిపోయే ప్రమాదమూ ఉంది. నా మటుకు నేను ఎవరికీ దీన్ని సిఫారసు చేయను.

తడి ఇంకా లోపలే ఉంది

కొత్త సిమెంటు, కొత్త ప్లాస్టరింగ్ పైకి ఆరినట్టు కనిపించినా లోపల నీటిని పట్టి ఉంచుతాయి. గచ్చు కింద వేసే సిమెంటు పొర 50 మిల్లీమీటర్ల మందం వరకు, మంచి గాలి ఆడే చోట, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున ఆరుతుందని నిర్మాణ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. అంటే 50 మిల్లీమీటర్ల పొరకు దాదాపు 50 రోజులు. అంతకుముందే దాని మీద వినైల్ పరిస్తే తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. సిమెంటులోని క్షారం, ఆ తడి కలిసి వినైల్‌ను, జిగురును విడగొట్టి, ఎంత తుడిచినా పోని ఒక విధమైన మందపాటి వాసనను పుట్టిస్తాయి. పరచడానికి ముందు 45 సెంటీమీటర్ల చదరపు పాలిథిన్ ముక్కను నేల మీద పెట్టి, నాలుగు అంచులనూ టేపుతో గట్టిగా అంటించి, కనీసం 16 గంటలు ఆగి ఎత్తి చూడాలి. కింద నీటి బిందువులు కనిపించినా, సిమెంటు రంగు ముదిరినా ఇంకా ఆగాలి.

ఇంట్లో తేమ 60 శాతం దాటకుండా చూసుకోవడానికి చిన్న హైగ్రోమీటర్ చాలు. జిప్సం బోర్డు తడిస్తే 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టాలి, ఆలస్యమైతే బూజు మొదలవుతుంది. బూజు మరకల మీద రంగు వేయించడం వల్ల మరక కనబడకుండా పోతుంది, బూజు పోదు. నీరు ఎక్కడి నుంచి వస్తోందో ముందు కట్టడి చేసి, గట్టి ఉపరితలాలను సబ్బునీటితో కడగాలి. బూజు లోపలికి పట్టిన బోర్డును మాత్రం కోసి పారవేయాల్సిందే.

యంత్రాలు, మొక్కలు, ఇతర ఆశలు

హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం వరకు పట్టుకుంటుంది. కణాలను మాత్రమే. ఫార్మాల్డిహైడ్, టాలువిన్ వంటి వాయువులు దానిలోంచి గాలితోపాటే దాటిపోతాయి. ప్యూరిఫైయర్ మీద వెలిగే పచ్చ దీపం చాలా నమూనాల్లో కణాల లెక్కను బట్టి వెలుగుతుంది కాబట్టి, వాయువుల సంగతి దానికి తెలియదు. వాయువుల కోసం యాక్టివేటెడ్ కార్బన్ కావాలి, అదీ తూకంలో తగినంత కావాలి. స్పాంజికి నల్ల పొడి అద్దినట్టుండే పలుచని పొర త్వరలోనే నిండిపోతుంది. మామూలు కార్బన్ టాలువిన్ వంటివాటిని బాగానే పట్టినా ఫార్మాల్డిహైడ్‌ను సరిగా పట్టలేదు. దానికి రసాయనం పట్టించిన ప్రత్యేక కార్బన్ ఉండాలి. యంత్రం కొనేవారు గది ఘనపరిమాణాన్ని ఐదుతో హెచ్చవేసి, గంటకు అంత శుభ్రమైన గాలిని ఇచ్చేదాన్ని ఎంచుకోవాలి. రుద్దుడు పనులు జరుగుతుండగా దాన్ని నడిపిస్తే ఫిల్టర్ కొద్ది రోజుల్లోనే పూడుకుపోతుంది.

ఓజోన్ వదిలే యంత్రాలను ఇంట్లోకి రానివ్వకూడదు. ఓజోన్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది; పైగా సువాసన స్ప్రేలలో ఉండే లిమొనీన్ వంటి పదార్థాలతో కలిసి కొత్తగా ఫార్మాల్డిహైడ్‌ను పుట్టిస్తుంది. వాసనను మరో వాసనతో కప్పడం కూడా గాలికి ఇంకొక సరుకు చేర్చడమే. మొక్కల కథ 1989లో నాసా చేయించిన ప్రయోగంతో మొదలైంది. అది మూసిన చిన్న పెట్టెల్లో జరిగింది. అలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి 2019లో లెక్కగట్టినవారు, మామూలు గాలి మార్పిడితో సమానం కావాలంటే చదరపు మీటరు నేలకు 10 నుంచి 1,000 వరకు మొక్కలు ఉండాలని తేల్చారు. ఒక్క మొక్క ఉన్నా కంటికి హాయే, గాలి పనిని మాత్రం దానికి అప్పగించలేం.

కొలవాలనుకుంటే

చవక మీటర్లు చూపే మొత్తం వీఓసీ అంకె వంట ఆవిరికి, చేతులకు రాసుకునే శానిటైజర్‌కు, అత్తరుకు కూడా పెరుగుతుంది. ఉదయానికీ సాయంత్రానికీ తేడా తెలుసుకోవడానికి అది పనికొస్తుంది, ఇల్లు సురక్షితమా కాదా అని తేల్చడానికి పనికిరాదు. ఫార్మాల్డిహైడ్ సంగతి నమ్మకంగా తెలియాలంటే గాలి నమూనాను ప్రత్యేక గొట్టంలో సేకరించి ప్రయోగశాలలో పరీక్షించాలి. అంతకుముందు రాత్రంతా తలుపులు, కిటికీలు మూసి ఉంచి, ఆ సమయంలో గది ఉష్ణోగ్రతను, తేమను రాసిపెట్టాలి. చల్లని రోజున, గాలి ధారాళంగా ఆడుతున్నప్పుడు తీసిన నమూనా మంచి అంకెనే ఇస్తుంది కానీ, దానితో ఉపయోగం లేదు.

నేనైతే ముందుగా కార్బన్ డయాక్సైడ్ మీటరే కొనమంటాను. బయట గాలిలో అది సుమారు 420 పీపీఎం ఉంటుంది. పడకగది తలుపు మూసి పడుకుని, లేవగానే మీటరు చూస్తే, మన శ్వాస ఎంత మేరకు బయటికి పోతోందో తెలుస్తుంది. 1,000 పీపీఎంను మంచి గాలికి హద్దుగా 1858లోనే జర్మన్ శాస్త్రవేత్త పెటెన్‌కోఫర్ ప్రతిపాదించారు. పాత చెక్క కిటికీల సందుల నుంచి వచ్చే గాలి ఇన్నాళ్లూ మనకు తెలియకుండానే ఇంటిని కాపాడుతుండేది. గట్టిగా బిగుసుకునే కొత్త కిటికీలు పెట్టాక ఆ సందులు పోయాయి. అదే గది, అదే ఇద్దరు మనుషులు, తెల్లవారేసరికి మీటరు 2,000 చూపిస్తే, పలకల నుంచి వచ్చేవి కూడా ఆ గదిలోనే మిగిలిపోతున్నాయని అర్థం.

వాసన లేని ప్రమాదం, వాసన ఉన్న అల్ప విషయం

గ్యాస్‌తో నీళ్లు కాచే గీజరు గానీ, మరే మంట ఉపకరణం గానీ ఇంట్లో ఉంటే, బాగుచేతలో దాని పొగగొట్టాన్ని ఎవరైనా కదిపారా, వంపు తిప్పారా, పైకప్పు పలకల వెనుక మూసేశారా అని స్వయంగా చూడాలి. కొత్త కిటికీలు బిగుతుగా ఉండి, వంటగదిలో బలమైన ఎగ్జాస్ట్ నడుస్తుంటే, పొగగొట్టం నుంచి పైకి పోవాల్సిన కార్బన్ మోనాక్సైడ్ వెనక్కి ఇంట్లోకే రావచ్చు. ఇంట్లో ఉన్నవారందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం, తల తిరగడం కనిపిస్తే రంగు వాసన మీదికి తోసేయకుండా, తక్షణం అందరూ బయటికి వెళ్లి అత్యవసర సహాయానికి ఫోన్ చేయాలి. పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోవడం ఈ వ్యాసంలో చెప్పిన ఏ ఖర్చు కంటే ముందు చేయాల్సిన ఖర్చు.

ఇక అల్ప విషయం. మా ఇంట్లో పని ముగిసిన మూడో వారం నుంచి అతిథుల గదిలో కుళ్లిన గుడ్డు వాసన మొదలైంది. రంగు నాసిరకమని ఒకరు, జిగురు అని ఒకరు తీర్పు చెప్పారు. పన్నెండు రోజులు ఫ్యాను తిప్పుతూనే ఉన్నాం, తిప్పేకొద్దీ వాసన పెరిగింది. చివరికి చూస్తే ఆ గదికి ఆనుకుని ఉన్న కొత్త స్నానాల గదిని ఎవరూ వాడకపోవడంతో నేల మీది ట్రాప్‌లో నిలవ ఉండాల్సిన నీరు ఆవిరైపోయింది. మురుగు గొట్టంలోని వాయువును అడ్డుకునేది ఆ కాసిని నీళ్లే. మేము తిప్పిన ఫ్యాను ఆ గొట్టం నుంచే గాలిని లాగుతూ వచ్చింది. రెండు మగ్గుల నీళ్లు పోశాక అరగంటలో వాసన పోయింది. వాడని ప్రతి ట్రాప్‌లోనూ వారానికి ఒకసారి నీళ్లు పోయాలి.

ఎప్పుడు తిరిగి పడుకోవచ్చు

నీటి ఆధారిత రంగు వేసిన గదిలో రెండు మూడు రోజులు ఎడతెగకుండా గాలి ఆడించాక ఆరోగ్యవంతులైన పెద్దలు పడుకోవచ్చు. ఎనామెల్, వార్నిష్ వేసిన గదికి కనీసం ఒక వారం, అవసరమైతే అంతకంటే ఎక్కువ సమయం ఇవ్వాలి. రెండు డబ్బాల ద్రవాలు కలిపి వేసే పాలీయురెథేన్ పూతల్లో ఐసోసైనేట్లు ఉంటాయి, అవి ఉబ్బసం తెప్పించగలవు. డబ్బా మీద రాసిన గట్టిపడే గడువు పూర్తయ్యేవరకు ఆ భాగంలోకి ఎవరూ వెళ్లకూడదు. పసిపిల్లలు, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు ఉండే గది పనిని మిగతా ఇంటికంటే ముందే, వారాల ముందే ముగించి ఉంచాలి. మిగిలిన రంగు డబ్బాలను, థిన్నర్ సీసాలను మంచం కింద దాచకూడదు. మూత ఎంత బిగించినా ఆవిరి కొంత కారుతూనే ఉంటుంది. అవిసెనూనె ఉన్న వార్నిష్ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. ఆరుబయట పరిచి ఆరబెట్టి పారవేయాలి.

తిరిగి వచ్చిన మొదటి నెలలో ఒక చిన్న పుస్తకంలో మూడు విషయాలు రాస్తూ ఉండండి: కళ్ల మంట, దగ్గు, తలనొప్పి వంటివి ఏ గదిలో, ఏ వేళకు వచ్చాయి, ఆ సమయంలో కిటికీలు తెరిచి ఉన్నాయా లేదా, ఇల్లు విడిచి వెళ్లాక ఎంతసేపటికి తగ్గాయి. బయటికి వెళ్లినప్పుడల్లా తగ్గి, తిరిగి వచ్చినప్పుడల్లా మొదలయ్యే ఇబ్బంది ఒకే గదికి కట్టుబడి ఉంటే, వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ పుస్తకం తీసుకువెళ్లండి, ఈలోగా ఆ గదిలో పడుకోవడం మానేయండి.